అలక ఇద్దరిది, నవ్వు ఇంటిల్లిపాదిదీ

మా రోజుల్లో కొత్త దంపతులు పోట్లాడుకుంటే ఇల్లంతా నవ్వేది. ఇప్పుడు పోట్లాడుకుంటే పక్క ఫ్లాటు వాళ్ళకి కూడా తెలియదు. తెలియకపోవడమే గొప్ప అనుకుంటున్నారు పిల్లలు. మా ప్రైవసీ అంటారు, మా స్పేస్ అంటారు. తలుపు వేసుకుని, చెరో ఫోనూ పట్టుకుని, చెరో గదిలో కూచుంటారు. అతను తడి తువ్వాలు మంచం మీద పడేశాడన్న గొడవ ఆ తలుపు వెనక మూడు రోజులు నానుతుంది. మూడో రోజుకి అది తువ్వాలు గొడవ కాదు, 'నీకు నేనంటే లెక్కలేదు' అన్న గొడవ అయి కూచుంటుంది.

అదే తువ్వాలు తెనాలిలో మా అత్తవారింట మంచం మీద పడి ఉంటే మా అత్తగారు చూసి, "ఏరా, పెళ్ళయిందని నీ తువ్వాలుకి కూడా పట్టెమంచం వేయించావా?" అనేవారు. ఆడపడుచులు కిసుక్కుమనేవారు. మావారు గబగబా దాన్ని తీసుకెళ్ళి దండెం మీద ఆరేసేవారు. నేను నోరు విప్పే అవసరమే వచ్చేది కాదు. గొడవ పుట్టకుండానే పోయేది.

నాకు ఈ కాలప్పిల్లల మీద కోపం లేదు, బెంగ ఉంది. కొత్త కాపురానికి డబ్బూ, ఇల్లూ, ఉద్యోగమూ ఎంత అవసరమో, పక్కనుండి నవ్వే మూడో మనిషి కూడా అంత అవసరం. ఆ మనిషిని మీ ఇళ్ళలోంచి పంపించేశారు.

మన పెద్దవాళ్ళు ఈ ఏర్పాటు పెళ్ళిలోనే చేశారు. ముఖాలు సరిగా చూసుకోని ఇద్దరిని పీటల మీద కూచోబెట్టి, తలంబ్రాలు పోటీ పడి పోయించారు. బిందెలో ఉంగరం వేసి వెతకమన్నారు. బంతులాట ఆడించారు. గృహప్రవేశం వేళ గుమ్మానికి అడ్డంగా ఆడపడుచు నిలబడి, పేర్లు చెబితే గాని లోపలికి రానివ్వనంది. ఇవన్నీ చుట్టూ పదిమంది చూస్తుండగానే జరగాలి. ఆ పదిమంది నవ్వులోనే కొత్త పెళ్ళికూతురి భయం సగం తీరేది. ఉంగరం దొరికినా దొరకనట్టు నటించి పెళ్ళికూతురి చేతికి తగిలేలా జరిపిన పెళ్ళికొడుకుని పట్టుకుని, "దొంగ! దొంగ!" అని పిల్లలు అరిచేవారు. అంత అరుపులోనూ ఆ పిల్లకి ఒక సంగతి తెలిసిపోయేది, ఇతను తనకి ఓడిపోవడానికి ఇష్టపడే మనిషని.

ఇప్పుడూ ఉంగరం తీయిస్తున్నారు. కానీ చుట్టూ చుట్టాలు కాదు, కెమెరాలు నిలబడుతున్నాయి. "సార్, చెయ్యి కొంచెం ఇటు. మేడమ్, నవ్వుతూ పైకి చూడండి. ఇంకోసారి చేద్దాం" అని ఒకే ఉంగరాన్ని మూడుసార్లు తీయిస్తున్నారు. చుట్టాలు వెనక వరసలో కుర్చీల్లో కూచుని ఆ వేడుకని తెర మీద చూస్తున్నారు. పక్కనున్న మనిషిని చూసి నవ్వాల్సిన పిల్ల లెన్సుని చూసి నవ్వుతోంది. అక్కడే మొదలైంది ఈ అలవాటు.

పేర్ల సంగతి చెబుతాను. గుమ్మం దగ్గర ఒక్కసారి చెప్పిన మొగుడి పేరు మా తరం ఆడది మళ్ళీ చెప్పేది కాదు. దాంతో ఎన్ని తమాషాలో. రేషన్ కార్డు రాసుకోవడానికి గుమస్తా వచ్చి "మీ ఆయన పేరేమిటమ్మా?" అని అడిగితే, భర్త పేరు వెంకటేశ్వర్లు అయిన ఇల్లాలు "ఏడుకొండలవాడి పేరండీ" అనేది. ఆ గుమస్తా శ్రీనివాసరావు అని రాసుకుని పోయేవాడు. కార్డు వచ్చిన రోజున ఇంట్లో పెద్దలూ పిల్లలూ గొల్లుమనేవారు. "మా కోడలికి ఇద్దరు మొగుళ్ళు, ఒకడు ఇంట్లో, ఒకడు కార్డులో" అని మామగారే వీధరుగు మీద కూచుని వచ్చేపోయేవాళ్ళకి చెప్పుకుని మురిసేవారు.

ఆ ఆచారం మళ్ళీ రావాలని నేను అనను. మా మనవరాలు మొగుణ్ణి పేరుపెట్టి పిలుస్తుంది, ఒక్కోసారి "ఒరేయ్" అని కూడా అంటుంది. పిలవనివ్వండి, చల్లగా ఉండనివ్వండి. నా బాధల్లా ఆ "ఒరేయ్" విని నవ్వడానికి ఇంట్లో ఒక మామగారు లేరే అని.

సినిమా సంగతి చూడండి. మా పెళ్ళయిన కొత్తలో 1975లో బాపు గారి 'ముత్యాలముగ్గు' వచ్చింది. కొత్త జంట సినిమాకి వెళ్ళడమంటే ఇద్దరూ వెళ్ళడమా? ఇల్లు ఇల్లంతా కదిలింది. వరసలో ఆ చివర మావారు, ఆయన పక్కన తోడికోడలి పిల్లలు, తర్వాత మా అత్తగారు, ఇద్దరు ఆడపడుచులు, ఈ చివర నేను. ఇంటర్వెల్‌లో ఆయన బయటికెళ్ళి వేయించిన వేరుశెనక్కాయల పొట్లం నాకోసమని కొనుక్కొచ్చారు. నాకోసమని పైకి చెప్పగలరా? "అందరూ తీసుకోండి" అని పక్కనున్న పిల్లాడి చేతికిచ్చారు. ఆ పొట్లం చెయ్యి చెయ్యి మారి నా దగ్గరికి వచ్చేసరికి లోపల మూడు కాయలు మిగిలాయి, అందులో ఒకటి పుచ్చు. ఆ చివర నుంచి ఆయన మెడ సాచి నావంక చూస్తుంటే మా చిన్నాడపడుచు కనిపెట్టి, "అన్నయ్యా, బొమ్మ అటుంది" అని తెరవైపు చూపించింది. ముందు వరసవాళ్ళు కూడా వెనక్కి తిరిగి నవ్వారు. ఆ మూడు వేరుశెనక్కాయలు తిన్నంత తృప్తిగా నేను మళ్ళీ ఏ సినిమాలోనూ ఏదీ తినలేదు.

ఇప్పుడు ఇద్దరికీ పడక కుర్చీల్లాంటి సీట్లున్నాయి. చేతిలో బుట్టెడు పాప్‌కార్న్ ఉంది. పొట్లం దాటించేవాళ్ళూ, మధ్యలో కాజేసేవాళ్ళూ లేరు. అయినా బొమ్మ నడుస్తుండగా ఇద్దరి మొహాల మీదా ఫోను వెలుగే పడుతోంది. ఇక ఇంట్లో అయితే ఆ సినిమా కూడా కలిసి చూడరు. అతను ల్యాప్‌టాప్‌లో ఒకటి, ఆమె ఫోన్‌లో ఇంకొకటి, చెవుల్లో వైర్లు లేని బిరడాలు. ఒకరు నవ్వితే రెండోవాళ్ళకి ఎందుకు నవ్వారో తెలియదు. పైగా వాళ్ళు నవ్వేది దేన్ని చూసి? ఎవరో ముక్కూమొహం తెలియని మొగుడూ పెళ్ళాలు కెమెరా ముందు కావాలని ఆడుకున్న పోట్లాటని చూసి. సొంత ఇంట్లో సొంత పోట్లాట అంతకంటే సరదాగా ఉంటుంది కదమ్మా, దానికి నవ్వండి అంటే వినరు.

ఇక చలి, వేడి గొడవలు చూడండి. 2020 జనవరి నుంచి స్టార్ లేబుల్ ఉన్న కొత్త గది ఏసీలు ఆన్ చేయగానే 24 డిగ్రీల దగ్గరే మొదలవ్వాలని ప్రభుత్వం నిబంధన పెట్టింది. హైదరాబాదులో మా మనవరాలి ఇంట్లో ఆ 24కి పట్టుమని పది నిమిషాల ఆయుష్షు లేదు. అతనికి 18 కావాలి, ఆమెకి 27 కావాలి. రాత్రంతా రిమోటు అటూ ఇటూ మారుతుంది. పొద్దున్నే ఇద్దరూ నిద్రలేని మొహాలతో లేచి, ఒకరితో ఒకరు మాట్లాడకుండా ఆఫీసులకి పోతారు.

మేము వేసవిలో డాబా మీద పడుకునేవాళ్ళం. మగవాళ్ళ నవారు మంచాలన్నీ ఒక పక్క, ఆడవాళ్ళవన్నీ ఇంకో పక్క. పెళ్ళయిన కొత్తవాళ్ళయినా అంతే. అర్ధరాత్రి ఉన్నట్టుండి చినుకులు మొదలైతే ఇంటిల్లిపాదీ పరుపులు చుట్టుకుని మెట్ల మీదికి పరుగెత్తేవాళ్ళం. ఆ హడావుడిలో మంచానికి ఈ కొస మావారూ ఆ కొస నేనూ పట్టుకునేలా ఎలాగో కుదిరేది. మెట్ల మలుపులో ఆ మంచం ఇరుక్కునేది. తడిసిపోతున్నా ఇద్దరికీ అది తీయాలన్న తొందర ఉండేది కాదు. కింద నుంచి మా మామగారు, "మంచం ఇరుక్కుందా, మీరిద్దరూ ఇరుక్కున్నారా?" అని కేకేసేవారు. చీకట్లో మెట్ల మీద ఎక్కడివాళ్ళక్కడ పొట్టలు పట్టుకునేవారు. వానని చూస్తే ఇవాళ్టికీ నాకు ఆ కేకే గుర్తొస్తుంది.

ఉత్తరాల ముచ్చట ఇప్పటివాళ్ళకి అసలే తెలియదు. ఆషాఢంలో అత్తా కోడలూ ఒక గడప దాటకూడదని కొత్త కోడల్ని పుట్టింటికి పంపేవారు. నన్నూ బాపట్ల పంపారు. నీలం రంగు ఇన్లాండు కవరు మన దేశంలో 1950లోనే వచ్చింది, కానీ మా ఇంట్లో దాన్ని చించే అధికారం ఉత్తరం ఎవరి పేర వచ్చిందో వాళ్ళకి ఎప్పుడూ రాలేదు. పోస్టుమ్యాన్ చేతిలోంచి తమ్ముడు లాక్కుని, నడవలో నిలబడి పెద్దగా చదివేవాడు. ఆ సంగతి మావారికి తెలుసు. అందుకని ఉత్తరమంతా అందరి క్షేమసమాచారాలూ రాసి, చివర ఒక్క వాక్యం రాసేవారు: "మన పెరట్లో సన్నజాజి బాగా మొగ్గ తొడిగింది, కోసేవాళ్ళు లేక రాలిపోతోంది."

తమ్ముడు చదివి ఊరుకున్నాడు. నేను తల వంచుకున్నాను. మా నాయనమ్మ మాత్రం వత్తులు చేసుకుంటూ, "వాళ్ళ పెరట్లో కరివేపాకు చెట్టు తప్ప ఇంకో చెట్టు లేదే! సన్నజాజి ఎప్పుడు పాతాడు?" అంది. ఒక్క క్షణం ఎవరికీ అర్థం కాలేదు. అర్థమయ్యాక మా అమ్మ నవ్వు ఆపుకోలేక వంటింట్లోకి పోయింది. శ్రావణం రాగానే మంచి రోజు చూడమని పురోహితుడికి కబురు పెట్టింది మా నాయనమ్మే. "అబ్బాయి పూలు రాలిపోతున్నాయంటున్నాడు, ఆలస్యం చేయకండి" అని ఇంట్లో అందరినీ తొందర పెట్టింది. మేము అత్తవారింటికి చేరేలోపే ఆ సన్నజాజి సంగతి అక్కడికి చేరింది. మా అత్తగారు నా చేత నిజంగానే ఒక సన్నజాజి తీగ పాతించారు.

ఇప్పుడు ఉత్తరాలు చదివే తమ్ముళ్ళు లేరు. నిమిషానికొక మెసేజీ పెట్టుకోవచ్చు. అయినా "నా మెసేజీకి నీలం టిక్కులు పడ్డాయి, నలభై నిమిషాలైనా జవాబివ్వలేదు" అని తగువు. ఒకే సోఫాలో అటు చివర అతను, ఇటు చివర ఆమె కూచుని ఆ తగువు కూడా ఫోన్‌లోనే పడుతున్నారు. రాసి, చెరిపి, మళ్ళీ రాస్తున్నారు. అరగంటలో చల్లారే మాట రాతలో నిలిచిపోయి, మళ్ళీ పోట్లాట వచ్చినప్పుడు సాక్ష్యంగా బయటికొస్తోంది. మా రోజుల్లో మొగుడూ పెళ్ళాలు అన్న మాటలకి రాతపూర్వకమైన ఆధారం ఉండేది కాదు, కనుక మర్చిపోవడం తేలిగ్గా జరిగేది.

మేమూ మాటలు మానుకున్నాం. కానీ మా మౌనానికి రాయబారి ఉండేవాడు. మా బావగారి అబ్బాయికి అప్పుడు ఐదేళ్ళు. "బాబాయికి కాఫీ చల్లారిపోతోందని చెప్పు" అని నేను పంపేదాన్ని. "నాకొద్దని పిన్నికి చెప్పు" అని ఆయన తిప్పి పంపేవారు. "వద్దంటే పారబోస్తానని చెప్పు." "పారబోసుకోమను." వంటింటికీ వసారాకీ తిరిగి తిరిగి వాడి కాళ్ళు పీకాయి. చివరికి ఆ కాఫీ వాడే గటగటా తాగేసి, ఇద్దరి మధ్యా నిలబడి, "బాబాయి తాగేశాడు పిన్నీ, చాలా బాగుందన్నాడు" అని ప్రకటించాడు, మూతి చుట్టూ నురగతో. అటు ఆయనా ఇటు నేనూ ఒకేసారి నవ్వాం. ఎవరు ముందు మాట్లాడాలన్న పంతం ఆ ఐదేళ్ళవాడి మూతి మీద తెగిపోయింది.

తెలుగువాళ్ళకి ఈ సంగతి తెలియక కాదు. మునిమాణిక్యం నరసింహారావు గారు బడిపంతులు. ఆయన రాసిన కాంతం కథల్లో పెద్ద సంఘటనలేమీ ఉండవు, ఒక మామూలు ఇంట్లో మొగుడూ పెళ్ళాల చిన్న చిన్న వాదాలే ఉంటాయి. 1955లో వచ్చిన 'మిస్సమ్మ'లో పెళ్ళికాని ఇద్దరు ఉద్యోగం కోసం భార్యాభర్తలమని చెప్పి ఒక జమీందారు గారి ఊరు చేరతారు. వాళ్ళ నిజమైన చిరాకులన్నీ చూసి పెద్దాయన కొత్త దంపతుల అలకలనుకుని ముచ్చటపడుతుంటాడు, మనం హాలులో నవ్వుతుంటాం. ముళ్ళపూడి వెంకటరమణ గారి రాధాగోపాళం జంటని 2005లో బాపు గారు సినిమాగా కూడా తీశారు. వీటన్నిటిలో మొగుడూ పెళ్ళాలు నిజంగానే కోపం తెచ్చుకుంటారు. నవ్వొస్తున్నది మనకి, ఎందుకంటే మూడో మనిషిగా మనం అక్కడ కూచున్నాం. మన గొప్ప హాస్యమంతా పిల్లలకి చెబుతున్నది ఇదే: పక్కనుండి చూస్తే మీ తగువు చాలా చిన్నది, చాలా ముద్దుగా ఉంది.

మూడో మనిషి అంటే ఎవరైనా పనికొస్తారని కాదు. 'ముత్యాలముగ్గు'లో పచ్చని కాపురంలో చిచ్చు పెట్టిందీ బయటి మనుషులే. మా రోజుల్లో అలకపాన్పు ఎక్కిన అల్లుడు సరదాకి ఉంగరం అడిగితే అందరూ నవ్వారు. కానీ స్కూటరు ఇస్తేనే దిగుతానని కూచున్న అల్లుళ్ళూ ఉన్నారు, పక్కనుండి వాళ్ళని ఎగదోసిన పెద్దలూ ఉన్నారు. వరకట్నం నేరమని 1961లోనే చట్టం వచ్చింది, అయినా ఆ స్కూటరు కోసం పొలం అమ్మిన తండ్రులున్నారు. అది చూసి నవ్వినవాళ్ళు పాపం చేశారు. కోడలి వంటని వెక్కిరించి, ఆమె ఏడుస్తుంటే నవ్విన ఇళ్ళూ ఉన్నాయి. ఆ నవ్వు నేనడగడం లేదు. ఇద్దరినీ కలిపే నవ్వు వేరు, ఒకరిని ఒంటరిని చేసే నవ్వు వేరు. ఏది ఏదో ఆ ఇంటి కోడలి మొహం చూస్తే తెలిసిపోతుంది.

మా కోడళ్ళకీ మనవరాళ్ళకీ మాకు లేనివి చాలా ఉన్నాయి. సొంత జీతం ఉంది, నచ్చనిది నచ్చలేదని చెప్పే నోరుంది. మా మనవరాలి మొగుడు పప్పులో పోపు పెడతాడు, బట్టలు మడతపెడతాడు. మావారికి కాఫీపొడి డబ్బా ఎక్కడుంటుందో కూడా తెలియదు. ఇన్ని మంచి మార్పులు వచ్చిన కాపురాలు ఇంత బిగుసుకుని, ఇంత నవ్వు లేకుండా ఉండడం చూస్తే నాకు కడుపులో దేవినట్టుంటుంది.

నవ్వే మనిషి ఉంటే ఈ కాలంలోనూ పని జరుగుతుంది. మా అక్క మనవడు డాలస్‌లో ఉంటాడు. ఒక రోజు వీడియోలో మాట్లాడుతుండగా, ఫోను గోడకి ఆనించి పెట్టి, మొగుడూ పెళ్ళాలు నన్ను మర్చిపోయి పోట్లాట మొదలెట్టారు. గిన్నెలు తోమే మెషీన్‌లో కంచాలు ఎటు తిప్పి పెట్టాలన్నది తగువు. అటు తిప్పితే నీళ్ళు తగలవని ఆమె, ఇటు తిప్పితే గ్లాసులు పట్టవని అతను. ఇద్దరూ ఇంజనీర్లే. కాసేపు విని, "ఒరే అబ్బాయ్, మీ తాతమ్మ బూడిదా కొబ్బరిపీచూ పెట్టి తోమేది, కంచాలు ఎటు తిరిగి కూచున్నాయో ఏనాడూ అడగలేదురా" అన్నాను. ముందు ఆ పిల్ల నవ్వింది, తర్వాత వాడు. "అమ్మమ్మా, నువ్విక్కడే ఉండాలి" అంది ఆ పిల్ల. ఎన్ని వేల మైళ్ళ దూరమైనా నవ్వు తగలాల్సిన చోట తగిలింది.

అందుకే చెబుతున్నాను. పిల్లలూ, మీ పడగ్గది తలుపు మీ ఇష్టం, వీధి తలుపు మాత్రం తెరిచి ఉంచండి. ఆదివారం పూట అమ్మానాన్నలనో అత్తమామలనో పిలవండి. దూరంలో ఉంటే ఎదురింటి పెద్దావిడని భోజనానికి పిలవండి, మీలాంటి ఇంకో జంటని పిలవండి. వాళ్ళ ముందు కంచాల గొడవ పడండి. మీ పోట్లాటని వీడియో తీసి లోకమంతా చూసేలా పెట్టకండి. మీ మీద మమకారం లేనివాళ్ళ నవ్వు మీకు అక్కరలేదు.

పెద్దలూ, పిలిచినప్పుడు వెళ్ళండి, తప్పెవరిదో తేల్చడానికి మాత్రం వెళ్ళకండి. తీర్పులు చెప్పే పెద్దరికం మనకొద్దు. అత్తగారైతే ముందు తన కొడుకుని చూసి నవ్వాలి, మావగారైతే తన చిన్ననాటి తగువొకటి చెప్పాలి, పిల్ల తల్లి అయితే పిల్లకి వకాల్తా పుచ్చుకోకుండా అల్లుడికి ఇంకో గరిటె పప్పు వడ్డించాలి. నవ్వించి, తిని, చీకటి పడేలోపు మన ఇంటికి మనం వచ్చేయాలి. మా అత్తగారు ఏ పుస్తకమూ చదవకుండా ఈ పని చేశారు. చదువుకున్న మనం చేయలేకపోతే ఆ తప్పు కాలానిది కాదు, మనదే.